పెద్దల చేతికి తఖ్తీలాంటి ఫోను
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాల సమయమిచ్చి "వృద్ధులు, ఆధునిక సాంకేతిక విజ్ఞానము" అనే విషయమై మాట్లాడమన్నారు. శీర్షిక చాలా పెద్దది. నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో అక్కడక్కడా ఉర్దూ వాసన వస్తే పెద్దమనసుతో మన్నించాలి. అంత పెద్ద విషయము జోలికి పోకుండా, మన సొసైటీ ముందున్న ఒక్క పని గురించి మనవి చేసుకుంటాను.

వితంతువులకు, నిరాధారులైన వృద్ధులకు మనమిచ్చే నెలవారీ సహాయమునకు వచ్చే ఏడాది నుంచి కాగితము మీద కాక ఫోనులో, ఒక యాప్ ద్వారా దరఖాస్తులు తీసుకోవాలనే ఆలోచన కార్యవర్గంలో ఉన్నది. మన పిల్లలే, ఇంజనీరింగు చదివి హైదరాబాదులోను బెంగళూరులోను ఉద్యోగాలు చేస్తున్నవారు, దానిని ఉచితంగా తయారుచేసి ఇస్తామన్నారు. చాలా సంతోషము. అల్లా వాళ్ళకు బరకత్ ఇవ్వాలి. కాని ఆ యాప్ వాడవలసినవాళ్ళు ఎవరు? అరవై, డెబ్బై దాటినవాళ్ళు. అది వాళ్ళ చేతిలో పనిచేయకపోతే ఏమవుతుందో చెప్తాను. గొడవ జరగదు, ఫిర్యాదు రాదు. దరఖాస్తులు తగ్గుతాయి, అంతే. మనము లెక్క చూసుకొని "ఈ ఏడు బీదవాళ్ళు తగ్గారు, అల్‌హమ్దులిల్లాహ్" అనుకుంటాము. నా భయమల్లా ఇదే. అందుకే ఆ యాప్ తయారుచేసే పిల్లలను ఉద్దేశించి ఎక్కువగా మాట్లాడతాను. పెద్దలు కూడా వినాలి, ఎందుకంటే మాట మీ గురించే.

పెద్దవాళ్ళకు యంత్రాలంటే భయమని ఒక మాట ప్రచారంలో ఉన్నది. నేను ఒప్పుకోను. ఈ సభలో కూర్చున్న చాచాలలో ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపినవారున్నారు. కుట్టుమిషను విప్పి నూనె పోసి మళ్ళీ బిగించగల ఖాలాలున్నారు. ఎస్.టి.డి. బూతుల కాలములో, గల్ఫులో ఉన్న కొడుకు నంబరు కోడుతో సహా కంఠస్థము చేసి, మీటరు మీద పెరిగే అంకెలు చూస్తూ, చేతిలో డబ్బు అయిపోయేలోపు సరిగ్గా మాట ముగించినవాళ్ళు వీళ్ళే. రేడియోలో స్టేషను తప్పితే చెవి పిండినట్టు మళ్ళీ వెనక్కి తిప్పేవారు. రేడియో ఎవరినీ కసురుకోలేదు. "ఇన్‌వాలిడ్" అని ఎర్ర అక్షరాలు చూపించలేదు.

ఆ యంత్రాలలో ఒక గుణము ఉండేది. ఏది తిప్పితే ఏమి జరుగుతుందో కంటికి కనపడేది, చేతికి తెలిసేది. తప్పు తిప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు. ఇప్పటి ఫోను అద్దము నున్నగా ఉంటుంది. ఎక్కడ నొక్కాలో, ఎంతసేపు నొక్కాలో, నొక్కినది తగిలిందో లేదో చేతికి తెలియదు.

రెండు శీతాకాలాలుగా ఆదివారాలు అసర్ నమాజు తరువాత మన లైబ్రరీ గదిలో కొందరు పెద్దలతో కూర్చుంటున్నాను. వాళ్ళ ఫోనులు వాళ్ళవే, నేను పక్కన కూర్చుంటాను. అక్కడ చూసిన ఒకటి రెండు సంగతులు చెప్తాను.

ఒక రిటైర్డు డ్రైవరు చాచా ఉన్నారు. ఆయన ఫోనులో ఏ బొమ్మను తాకినా అది తెరుచుకోదు. చోటు మారుతుంది, లేకపోతే మాయమవుతుంది. "మాస్టరుగారూ, దీనికీ నాకూ పడదు" అనేవారు. నాలుగు వారాలు చూసిన మీదట సంగతి తెలిసింది. ఆయన వేలు పెట్టి, నింపాదిగా నొక్కి, ఆ తరువాత తీస్తారు. బస్సు స్విచ్చులు నొక్కిన అలవాటు. సుమారు అర సెకను కంటే ఎక్కువసేపు వేలు ఉంటే ఫోను దానిని "తాకడం" అనుకోదు, "పట్టుకోవడం" అనుకుంటుంది. పట్టుకుంటే బొమ్మలు కదులుతాయి. ఆండ్రాయిడ్ ఫోనులలో, సెట్టింగ్స్ లోపల యాక్సెసిబిలిటీ అనే చోట, ఈ సమయాన్ని పెంచుకునే వీలున్నది. పెంచాము. ఆ రోజు నుంచి ఫోనుకూ ఆయనకూ పడుతున్నది. ఈ సెట్టింగు అవసరమైనవాళ్ళకు అది ఉన్నదని తెలియదు, తెలిసినవాళ్ళకు దాని అవసరము లేదు. ఫోను తయారుచేసినవాళ్ళ చిత్రము చూడండి.

ఇంకొక ఖాలా నలభై ఏళ్ళు బీడీలు చుట్టారు. ఆమె వేళ్ళను అద్దము గుర్తుపట్టదు. ఈ అద్దాలు ఒత్తిడిని బట్టి కాక, చర్మములోని సన్నని విద్యుత్తు గుణాన్ని బట్టి పనిచేస్తాయి. ఎండిపోయి, కాయలు కాసిన వేలు వాటికి సగము వేలు కిందే లెక్క. వేలిముద్ర యంత్రము దగ్గర కూడా ఆమెకు ఇదే అవస్థ. రేఖలు అరిగిపోయినవి. పింఛనుదారుల కోసము కేంద్ర ప్రభుత్వము 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభించినపుడు బతికి ఉన్నట్టు రుజువు చూపడానికి వేలిముద్ర, లేదా కనుపాప కావాలి. ఎంతమంది పెద్దలు ఆ యంత్రము ముందు వేళ్ళు తుడిచి తుడిచి, నూనె రాసి, పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టారో మీకు తెలుసు. 2021 నవంబరులో ముఖము చూపితే చాలుననే పద్ధతి తెచ్చారు. ఏడేళ్ళు పట్టినా, చివరకు మనిషి వేలును బట్టి యంత్రము మారింది. వేలు మారలేదు. ఇది పిల్లలు గుర్తుంచుకోవాలి.

అక్షరాలు పెద్దవిగా ఉండాలి, రంగులు స్పష్టంగా ఉండాలి అనే సంగతి అందరికీ తెలిసినదే కనుక ఎక్కువసేపు చెప్పను. నలభై దాటగానే నాకే అద్దాలు వచ్చినవి. వయసుతో కంటిలోని కటకము పసుపుపచ్చబారుతుంది, నీలము, బూడిద రంగుల తేడా మసకబారుతుంది. తెల్లని దాని మీద లేత బూడిద అక్షరాలు పెట్టడం ఫ్యాషను అయితే కావచ్చు, డెబ్బై ఏళ్ళ కంటికి అది ఖాళీ కాగితము.

అసలు విషయము అక్షరాల సైజు కంటే లోతులో ఉన్నది. టీచరు ట్రైనింగులో మేము ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుని గురించి చదువుకున్నాము. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకము మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆయన 1977లో ఒక వ్యాసములో వివరించారు. తాను స్వయంగా చేసి గెలవడం, తనవంటివాడు చేస్తుండగా చూడడం, ఇతరులు ధైర్యము చెప్పడం, ఆ సమయములో గుండె దడ, చెమట లేకుండా ఉండడం అని నాలుగు మార్గాలు చెప్పారు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. మనము ఇళ్ళలో వాడేదేమో మూడవది. "అబ్బా, చాలా ఈజీ" అంటాము. ఈజీ అని చెప్పిన తరువాత అది రాకపోతే ఆ మనిషి గతి ఏమి? ఈజీ పని కూడా రాని మొద్దును అనుకుంటాడు. దయచేసి ఆ మాట మానండి.

ఇక స్వయంగా చేసి గెలవాలంటే, ముందు నాలుగుసార్లు తప్పు చేసే వీలుండాలి. మా ఉర్దూ చదువులో పూర్వము తఖ్తీ ఉండేది. చెక్క పలక. దాని మీద ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, వెదురు కలముతో అలిఫ్, బే రాసేవారు. బాగా రాకపోతే కడిగేసి మళ్ళీ మట్టి పూసేవారు. ఆ సాధనకు "మష్ఖ్" అని పేరు. కాగితము ఖరీదైనది, తఖ్తీకి ఖర్చు లేదు. తప్పు అక్షరము కడిగిన నీళ్ళతో పోయేది, ఎవరి దగ్గరా దాని రికార్డు ఉండేది కాదు. తెలుగు బడిలో పలకా బలపమూ ఇదే పని చేసినవి.

మన పెద్దల చేతిలో పెట్టిన ఫోనుకు తఖ్తీ లేదు. మొదటి రోజే సిరాతో స్టాంపు కాగితము మీద రాయమన్నట్టుంది. 2016లో యు.పి.ఐ. వచ్చింది. నాకు దాని మీద గౌరవమున్నది, ఈ రోజు మన కూరగాయల బండి దగ్గర కూడా అది నడుస్తున్నది. కాని అందులో ఒక అంకె తప్పు నొక్కి పంపిన డబ్బును ఒక మీటతో వెనక్కి తెచ్చుకోలేము. బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి, అవతలివాడు ఒప్పుకోవాలి. పింఛను డబ్బుతో పాఠము నేర్చుకోమంటే ఎవరు నేర్చుకుంటారు? పెద్దవాళ్ళు భయపడుతున్నారంటే వాళ్ళ లెక్క సరిగ్గా ఉన్నదని అర్థము.

అందుకని ఆదివారాలు నేను ఒక ఉపాయము చేశాను. యు.పి.ఐ. లైట్ అని 2022లో ఒక సదుపాయము వచ్చింది, చిన్న జేబు వంటిది. అందులో వంద రూపాయలు మాత్రమే వేయించాను. పక్కన కూర్చున్నవారికి ఒక రూపాయి పంపడం, ఆయన తిరిగి పంపడం. నలుగురు పెద్దలు గంటసేపు ఒకరికొకరు రూపాయి పంపుకొని నవ్వుకున్నారు. ఒకరికి రెండుసార్లు పోయి రెండు రూపాయలు నష్టము వచ్చింది, దానికి చాయ్ అడిగి వసూలు చేశారు. మష్ఖ్ అంటే ఇదే.

మీరు తయారుచేసే యాప్‌లో మొట్టమొదటి మీట ఇదే కావాలని నా కోరిక. దాని మీద "మష్ఖ్" అని, "సాధన" అని రాయండి. అది నొక్కితే లోపల అంతా అసలు దరఖాస్తు వలెనే ఉండాలి, కాని ఏదీ ఎవరికీ పోకూడదు. ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు, కడిగేసుకోవచ్చు. చేయి కుదిరిన తరువాత అసలుది నింపుతారు. ఇంజనీర్లకు ఇది కష్టమైన పని కాదని నాకు తెలిసినవాళ్ళు చెప్పారు. ఎవరూ అడగలేదు కనుక ఎవరూ చేయలేదు.

మంచి తయారీ అంటే ఏమిటో మన బజారులోనే ఒక ఉదాహరణ ఉన్నది. దుకాణాలలో చిన్న స్పీకరు డబ్బా చూస్తున్నారు కదా. పేటీఎం వాళ్ళు 2019లో మొదలుపెట్టారు, తరువాత మిగతావారూ తెచ్చారు. డబ్బు రాగానే ఇన్ని రూపాయలు వచ్చినవని బిగ్గరగా, తెలుగులో కూడా చెప్తుంది. దానికి ముందు ముసలి దుకాణదారు ప్రతి గిరాకీ ఫోనూ తన కళ్ళద్దాల దగ్గరకు తీసుకొని చూడవలసి వచ్చేది, లేదా మనుమడిని కేకేయవలసి వచ్చేది. ఆ డబ్బా చదువు అడగలేదు, చూపు అడగలేదు. ఆయన గల్లా మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. వాట్సాపులో గొంతుతో సందేశము పంపే వీలు 2013లో వచ్చింది. టైపు రాని మన దాదీలు, నానీలు అందరూ ఈ రోజు దానితోనే కువైట్‌కూ, జెద్దాకూ మాట్లాడుతున్నారు. నొక్కి పట్టుకో, మాట్లాడు, వదులు. మన మనుషులు నేర్చుకోలేరనే మాటకు ఇదే జవాబు.

జపాను దేశములో వృద్ధులు ఎక్కువ. అక్కడ ఫుజిత్సు కంపెనీ డొకోమోతో కలిసి రాకురాకు అనే ఫోనులు చేసింది. వాటిలో అవతలివారి మాటను కొంచెము నెమ్మది చేసి వినిపించే ఏర్పాటు ఉన్నది. 2012లో అద్దము ఫోను చేసినపుడు వేలు ఊరికే తగలడం వేరు, నొక్కడం వేరు అని గుర్తించేలా చేశారు. మన డ్రైవరు చాచా పడిన బాధను అక్కడ ముందే ఎవరో కూర్చొని చూశారన్నమాట. ఆ దేశములోనే మసాకో వాకమియా అనే ఆమె ఉన్నారు. బ్యాంకులో ఉద్యోగము చేసి రిటైరైన తరువాత కంప్యూటరు నేర్చుకున్నారు. ఫోనులో ఆటలన్నీ కుర్రవాళ్ళ వేగానికే ఉన్నవి, మావంటివాళ్ళు గెలవలేకపోతున్నారని, 2017లో తన 81వ ఏట తానే ఒక ఆట తయారుచేశారు. బొమ్మల కొలువులో ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో పెట్టే ఆట. తొందర లేదు, జ్ఞాపకము ఉంటే చాలు. అందులో మనుమల కంటే పెద్దలకే గెలుపు అవకాశము ఎక్కువ. ఆ ఏడాది ఆపిల్ కంపెనీ తమ సభకు ఆమెను పిలిపించుకున్నది.

అయితే ఒక హెచ్చరిక. "ముసలివాళ్ళ ఫోను" అని వేరే ముద్ర వేసి, మొద్దు డబ్బా ఒకటి చేతికివ్వడము కూడా అవమానమే. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా పండితుడు 1988లోనే రోజువారీ వస్తువుల తయారీ మీద పుస్తకము రాసి, మనుషులు ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తుంటే లోపము వస్తువులో వెతకండి అని వాదించారు. అదే మనిషి 2019లో, తనకు 83 ఏళ్ళు వచ్చాక, పెద్దల కోసమని చేసే వస్తువులు ఎందుకు ఇంత వికారంగా ఉంటున్నవని కోపంగా రాశారు. మనకు వేరే యాప్ వద్దు. అందరికీ ఒకటే యాప్, అది డెబ్బై ఏళ్ళవారికి సరిపడేటట్టు.

భాష విషయము. మన పెద్దలలో కొందరు ఉర్దూ చదువుతారు, కొందరు తెలుగు, కొందరు రెండూ చదవరు. ఉర్దూ పెడితే నస్తాలీఖ్‌లో పెట్టండి. చాలా ఫోనులలో ఉర్దూ అక్షరాలు అరబ్బీ నస్ఖ్ పద్ధతిలో కనపడతాయి, జీవితమంతా నస్తాలీఖ్ చదివిన కంటికి అవి కూడబలుక్కోవలసి వస్తుంది. ఉపాయము కొత్తది కాదు, 1981లోనే మీర్జా అహ్మద్ జమీల్ గారు నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటరుకు ఎక్కించారు. ఇంకొక చిక్కు పిల్లలకు తట్టకపోవచ్చు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది కనుక ఉర్దూ యాప్‌లో వెనక్కి పోయే బాణము కుడివైపు చూస్తుంది, తెలుగులో ఎడమవైపు చూస్తుంది. రెండూ వాడే మనిషి ఏది వెనుక, ఏది ముందు అని తికమకపడతాడు. బాణము పక్కన "వాపస్" అని, "వెనక్కి" అని మాట రాయండి. చదవలేనివారి కోసము తాకితే ఆ మాట పలకాలి.

మోసాల సంగతి చెప్పకుండా ఉండలేను. పోలీసునని, సి.బి.ఐ.నని వీడియో కాలు చేసి "డిజిటల్ అరెస్టు" అంటున్నారు. అటువంటి అరెస్టు మన చట్టములో లేదు. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరము లేదు, పంపడానికే కావాలి. డబ్బు పోతే ఆలస్యము చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఇవి అందరికీ చెప్తున్నాము. కాని చెప్పడం ఒక్కటే సరిపోదు, తయారీలో కూడా తలుపు మూయాలి. ఒక వ్యక్తి మరొకరికి "డబ్బు ఇవ్వు" అని యు.పి.ఐ.లో కోరిక పంపే పద్ధతి ఉండేది. డబ్బు వస్తుందనుకొని పెద్దలు పిన్ కొట్టేవారు, డబ్బు పోయేది. 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ పద్ధతినే తీసివేశారు. ఒక మీట తీసేస్తే వెయ్యి ఉపన్యాసాల పని అయింది.

ఇళ్ళలోని కొడుకులకు, కూతుళ్ళకు, మనుమలకు ఒక మాట. పెద్దాయన ఫోను పట్టుకొని తడుముకుంటుంటే మనము ఏమి చేస్తాము? "ఇలా ఇవ్వండి అబ్బా" అని లాక్కొని రెండు క్షణాలలో చేసి ఇస్తాము. పని అయింది. ఆయన మాత్రము ఏమీ నేర్చుకోలేదు, పైగా తనకు రాదని రుజువైంది. మా లైబ్రరీ గదిలో ఒకటే నియమము. నేర్పేవాడు చేతులు వెనుక కట్టుకోవాలి. నోటితో చెప్పాలి, వేలితో ముట్టకూడదు. ఒక ఖాలాకు ఫోటో పంపడం రావడానికి నలభై నిమిషాలు పట్టింది. పంపిన తరువాత ఆమె ముఖము చూడవలసింది. మరునాడు ఇంట్లో కోడలికి నేర్పారట!

బ్యాంకులలో, ఆఫీసులలో "ఫోనులో చేసుకో పో" అని పంపేస్తున్నారు. పేరు చెప్పను, మొన్న ఒక చోట ఎనభై ఏళ్ళ తల్లిని అలా తిప్పిపంపారు. చివరకు మదీనా మునవ్వరాలో రియాజుల్ జన్నాలో రెండు రకాతులు చదువుకోవడానికి కూడా సాధారణంగా నుసుక్ యాప్‌లో ముందుగా సమయము తీసుకోవాలి. మన దేశము నుంచి పోయే హాజీలకు 2024 నుంచి హజ్ సువిధా యాప్ ఉన్నది. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి వెళ్ళినవారు అక్కడ ఎవరో కుర్రవాని కోసము వెతుక్కునే పరిస్థితి రాకూడదు. హజ్ శిక్షణ శిబిరాలలో మనాసిక్‌తో పాటు ఒక పూట ఫోను మష్ఖ్ కూడా పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇక మన యాప్ విషయములో నా విన్నపాలు. ఒక తెర మీద ఒకటే ప్రశ్న. ఓ.టి.పి. అడిగితే ముప్పై సెకన్లలో మురిగిపోకూడదు. కళ్ళద్దాలు వెతుక్కోవడానికే నిమిషము పడుతుంది. పంపే ముందు రాసినదంతా గొంతుతో చదివి వినిపించాలి, పంపిన తరువాత మూడు రోజుల వరకు దిద్దుకునే వీలుండాలి. తప్పు వస్తే "మీరు తప్పు చేశారు" అనకుండా, ఏ చోట ఏమి రాయాలో చెప్పాలి. ప్రతి తెర మీద ఒక మనిషి ఫోను నంబరు ఉండాలి, ఆ మనిషి ఫోను ఎత్తాలి. ఆరు నెలలకోసారి కొత్త అందాలు దిద్ది మీటల చోట్లు మార్చవద్దు. పెద్దలు చోటును బట్టి గుర్తుపెట్టుకుంటారు, రాత్రికి రాత్రి వంటింట్లో డబ్బాలు మార్చినట్టవుతుంది. కాగితము దరఖాస్తు కనీసము మూడేళ్ళు పక్కనే ఉండాలి, దాని మీద ఎవరూ ముఖము చిట్లించకూడదు. ఎవరు కాగితము వదిలి ఫోనుకు వచ్చారో, ఎవరు మధ్యలో ఆగిపోయారో, ఏ తెర మీద ఆగిపోయారో లెక్క రాయాలి. ఆగిపోయిన చోటే మీరు దిద్దవలసిన చోటు.

అన్నిటికంటే ముందు, పిల్లలూ, సగము తయారవగానే ఒక ఆదివారము దానిని తీసుకొని లైబ్రరీ గదికి రండి. అయిదుగురు పెద్దలను నేను కూర్చోబెడతాను. వాళ్ళ చేతికి ఇచ్చి, మీ చేతులు వెనుక కట్టుకొని, నోరు మూసుకొని గంటసేపు చూడండి. వివరించవద్దు. వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతుందో అది కాగితము మీద రాసుకోండి. మీ ఆఫీసులలో ఇటువంటి పరీక్షకు పెద్ద పేరు, పెద్ద ఖర్చు ఉంటుందని విన్నాను. ఇక్కడ చాయ్, బిస్కెట్లే ఖర్చు.

వచ్చే ఆదివారము నుంచి మళ్ళీ అసర్ తరువాత గది తెరుస్తాము. ఈసారి ఆడవాళ్ళకు శనివారము వేరుగా, నేర్పడానికి మా బడిలోని ఇద్దరు ఆపాలు ఒప్పుకున్నారు. ఫోను చార్జింగు పెట్టుకొని, కళ్ళద్దాలు మరచిపోకుండా తెచ్చుకోండి. కొడుకులు, మనుమలు గుమ్మము బయటనే ఆగాలి. పేర్లు కార్యదర్శిగారి దగ్గర ఇవ్వవచ్చు. డ్రైవరు చాచా ఈసారి నేర్చుకోవడానికి రారట, నేర్పడానికి వస్తామంటున్నారు.

ఖుదా హాఫిజ్. సెలవు.